డిశ్చార్జ్ మీద ప్రాజెక్ట్ చేశావు సరే, ఒక్క పేషెంట్‌నైనా ఇంటికి పంపించావా?

డిశ్చార్జ్ టైమ్ కొలిచే ఆ స్టాప్‌వాచ్ ముందు జేబులో పెట్టెయ్ తమ్ముడూ. చెల్లెమ్మా, నువ్వు కూడా. పెట్టేశారా? ఇక మొదలుపెడదాం.

పోయిన వారం వీడియోలో నేను ఒకే ఒక్క మాట అన్నాను. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ చదివే పిల్లల ప్రాజెక్ట్ రిపోర్టులు చాలావరకు జిరాక్సులే, ఫీల్డ్ ఎక్స్‌పీరియన్స్ లేనివే అన్నాను. అంతే! కామెంట్లలో కురుక్షేత్రం. పిల్లలేమో 'అన్నా, ఇంకా ఉతుకు' అంటున్నారు. కాలేజీల వాళ్లేమో నా మీద నిప్పులు. ఒక లెక్చరర్ గారు చాంతాడంత రాశారు. సారాంశం ఏంటంటే, 'మా పిల్లలు రెండు నెలలు హాస్పిటల్లోనే ఉంటారు, ఫీల్డ్ ఎక్స్‌పీరియన్స్ లేదని మీరెలా అంటారు?'

సార్, మా ఇంట్లో పిల్లి కూడా రోజంతా వంటింట్లోనే ఉంటుంది. దానికి పప్పు వండడం వచ్చిందా?

ఇవాళ ఇంకో మెట్టు ఎక్కి చెబుతున్నాను. డిశ్చార్జ్ ఎందుకు లేటవుతుందో ప్రాజెక్ట్ చేసిన వాళ్లలో నూటికి తొంభై మంది ఒక్క డిశ్చార్జ్ కూడా దగ్గరుండి చేయించి ఉండరు. లెక్క ఎక్కడిదని అడక్కండి, సర్వే ఏమీ లేదు, నా కడుపుమంట లెక్క అది. తప్పైతే కింద కామెంట్లో నిరూపించండి, పిన్ చేస్తాను.

తెలియని వాళ్ల కోసం ఒక్క ముక్క. ఈ కోర్సులో అందరూ ఎగబడి తీసుకునే టాపిక్ ఇదే. డిశ్చార్జ్ టర్న్ అరౌండ్ టైమ్. అంటే డాక్టర్ ఇంటికెళ్లమన్నప్పటి నుంచి పేషెంట్ గేటు దాటేదాకా పట్టే టైమ్. నేను చదివినప్పుడూ ఇదే, నా సీనియర్లప్పుడూ ఇదే, ఇప్పుడు నా దగ్గరికొచ్చే ఇంటర్న్‌లదీ ఇదే. పద్ధతి కూడా మారలేదు. బిల్లింగ్ కౌంటర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఫైల్ వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్ ఎక్సెల్‌లో కొట్టడం. చివర్లో రంగురంగుల ముక్కల గుండ్రటి బొమ్మ, అదే పై చార్ట్, ఒకటి. సిఫార్సుల దగ్గర 'సిబ్బందిని పెంచాలి, శాఖల మధ్య సమన్వయం మెరుగుపడాలి'. అబ్బ! సమన్వయం మెరుగుపడాలట. ఇది కనిపెట్టడానికి రెండేళ్ల కోర్సు కావాలా? కౌంటర్ ముందు గంటల తరబడి నిలబడ్డ పేషెంట్ బావమరిదిని అడిగితే ఇంతకంటే బాగా చెబుతాడు, రెండు బూతులు కలిపి మరీ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేను ఇంటర్న్‌గా ఉన్నప్పుడు జరిగింది. హాస్పిటల్ పేరు చెప్పను. గుండె రక్తనాళంలో స్టెంట్ వేసిన పేషెంట్, పెద్దాయన. పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ గారు 'ఇంటికెళ్లిపోవచ్చు' అన్నారు. ఆ మాట వినగానే ఆవిడ, ఆయన భార్య, ఫ్లాస్కు కడిగి, దుప్పటి మడిచి, సంచి సర్దేసి మంచం అంచున కూర్చుంది. పేషెంట్ దృష్టిలో డిశ్చార్జ్ అయిపోయింది. హాస్పిటల్ దృష్టిలో ఇంకా మొదలు కూడా కాలేదు.

మధ్యాహ్నం దాటింది. ఆవిడ సంచి ఒళ్లోనే ఉంది. నేను కుర్చీలోంచి లేచి ఫైల్ ఎక్కడుందో వెతకడానికి వెళ్లాను. ఫైల్ టీపీఏ డెస్క్ మీద ఉంది, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే వాళ్ల డెస్క్. ఇన్సూరెన్స్ వాళ్లు ఇంప్లాంట్ స్టిక్కర్ అడిగారట. అంటే స్టెంట్ డబ్బా మీద ఉండే బార్‌కోడ్ చీటీ. బ్రాండ్, బ్యాచ్ నంబర్ దాని మీదే ఉంటాయి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది కదా, మందు పూసిన స్టెంట్‌కి 29,600 రూపాయలని? అప్పటి నుంచి బిల్లులో స్టెంట్ ధర, బ్రాండ్, బ్యాచ్ నంబర్ విడిగా చూపించాలి. అందుకే ఆ చీటీ అంత ముఖ్యం. కేస్ షీట్‌లో లేదు. నర్సమ్మ 'మాకు రాలేదు' అంటుంది. బిల్లింగ్ వాళ్లు 'వార్డులో అడగండి' అంటారు. చివరికి స్టెంట్లు వేసే క్యాత్ ల్యాబ్‌కి వెళ్తే, టెక్నీషియన్ టీ తాగుతూ రిజిస్టర్ తెరిచి చూపించాడు. ఆ డబ్బా తాలూకు రెండు స్టిక్కర్లూ రిజిస్టర్‌లోనే, ఒకదాని పక్కన ఒకటి, చక్కగా అంటించి ఉన్నాయి. ఒకటి కేస్ షీట్‌లో అంటించాల్సింది!

గోటితో మెల్లగా ఊడదీశాను. అదే నా ఎంహెచ్‌ఏ, అదే, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ పీజీ. సర్టిఫికెట్ తర్వాత ఇచ్చారు.

మీ రిపోర్టులో దాన్ని ఏమని రాస్తారో తెలుసా? 'టీపీఏ ఆలస్యం: మూడు గంటలు.' టీపీఏ తప్పు ఎక్కడుందయ్యా అందులో? ఇక్కడే నా థియరీ. కొందరికి నచ్చదు, నచ్చకపోయినా పర్వాలేదు. మన దగ్గర డిశ్చార్జ్ లేటవ్వడానికి మొదటి ముద్దాయి ఇన్సూరెన్స్ కాదు. ఫైల్ ఇన్సూరెన్స్‌కి వెళ్లేలోపే సగం రోజు మింగేస్తున్నాం.

చూడండి, 2024 మే నెలాఖరులో ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది. క్యాష్‌లెస్, అంటే బిల్లు నేరుగా ఇన్సూరెన్స్ వాళ్లే కట్టాలని అడిగితే గంటలో తేల్చాలి, డిశ్చార్జ్ అప్పుడు మూడు గంటల్లో ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలి. దాటితే హాస్పిటల్ వేసే అదనపు ఖర్చు ఇన్సూరెన్స్ కంపెనీయే భరించాలి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కానీ ఆ మూడు గంటలు ఎప్పటి నుంచి లెక్క? హాస్పిటల్ నుంచి రిక్వెస్ట్ అందినప్పటి నుంచి! పొద్దున తొమ్మిదిన్నరకి డాక్టర్ గారు నోటితో చెప్పినప్పటి నుంచి కాదు. మధ్యలో డ్యూటీ డాక్టర్ సమ్మరీ టైప్ చేయాలి, ఆయన అప్పటికి క్యాజువాలిటీలో ఉంటాడు. వాడని మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లాలి. ఆ ఫార్మసీ రిటర్న్ దగ్గర చూడాలి తమాషా! నర్సమ్మ ట్రేలో ఇంజెక్షన్లు, సెలైన్ బాటిళ్లు పెట్టుకుని లెక్కపెడుతుంటే, ఒకటి తగ్గుతుంది. మళ్లీ మొదటి నుంచి లెక్క. వార్డ్ బాయ్ ట్రే పట్టుకుని లిఫ్ట్ దగ్గర నిలబడతాడు. లిఫ్ట్ రాదు. ఫార్మసీ వాడు ఎంట్రీ కొట్టేదాకా బిల్లు క్లోజ్ అవ్వదు. బిల్లింగ్ పక్కన కుర్చీ వేసుకున్న మీకు ఈ ట్రే ఏనాడైనా కనిపించిందా? లిఫ్ట్ కనిపించిందా?

నమ్మకపోతే ఒక్కరోజు ఆ ట్రే వెనకాలే నడవండి. ట్రే వెనకాల నడిచినవాడికే ఈ ఉద్యోగం వస్తుంది. కుర్చీలో కూర్చున్నవాడికి పై చార్ట్ వస్తుంది.

మరి హాస్పిటళ్లు మాత్రం తక్కువ తిన్నాయా? ఇంటర్న్ వచ్చాడంటే టై కట్టించి, ట్యాగ్ వేసి, పేషెంట్లతో నింపించే ఫీడ్‌బ్యాక్ ఫారాలు చేతిలో పెడతారు. కొన్ని చోట్ల ఇంటర్న్‌షిప్‌కి పిల్లల దగ్గరే డబ్బులు కూడా తీసుకుంటారు, నాకు మెసేజ్‌లు పెట్టిన వాళ్లున్నారు. డబ్బు కట్టి మరీ ఫీడ్‌బ్యాక్ ఫారాలు నింపించుకోవడం! సాయంత్రానికి టార్గెట్ ముప్పై ఫారాలు. ఇరవై తెచ్చాక కాళ్లు నొప్పి పుట్టి, మిగతా పది మెట్ల మీద కూర్చుని 'ఎక్సలెంట్, ఎక్సలెంట్' అని టిక్ కొట్టేస్తారు. నవ్వకండి, నేనూ కొట్టాను.

లేదంటే క్వాలిటీ డిపార్ట్‌మెంట్. హాస్పిటళ్ల నాణ్యతకి గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ ఆడిట్ దగ్గర పడిందంటే ఇంటర్న్‌లందరూ ఫైళ్ల మధ్యే. ఆ ప్రమాణాలు పనికిరావని నేను అనను. కానీ హాస్పిటల్ చెత్త వేసే ఎర్ర డబ్బాలో ఏం వేయాలో పేపర్ మీద నేర్చుకున్న కుర్రాడు, వార్డులో రక్తం అంటిన దూది ఎర్ర డబ్బాలో పడి ఉంటే పక్క నుంచే వెళ్లిపోయాడు. దూది పసుపులో వేయాలి నాయనా! ఎరుపు అంటే సెలైన్ పైపుల్లాంటి ప్లాస్టిక్. అతనికి రూల్ తెలుసు. డబ్బాలోకి తొంగి చూసే అలవాటే లేదు. హౌస్‌కీపింగ్ అక్కని అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేది.

'అయితే ఎక్కడ నేర్చుకోవాలి అన్నా?' అని అడుగుతారు. ఢిల్లీ ఎయిమ్స్ చూడండి. అక్కడ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ కోర్సు చేసేది ఎంబీబీఎస్ పూర్తి చేసిన డాక్టర్లు. రెసిడెంట్లుగా చేస్తారు. డ్యూటీ ఆఫీసర్‌గా షిఫ్టుల్లో, రాత్రి పగలు కూర్చుంటారు. అర్ధరాత్రి వచ్చే పంచాయితీ వాళ్ల దగ్గరికే వస్తుంది. మన ప్రైవేట్ కాలేజీ పిల్లల పోస్టింగ్ మాత్రం తొమ్మిది నుంచి ఐదు. హాస్పిటల్ అసలు రంగు బయటపడేది ఐదు తర్వాత కదా!

మన దగ్గరే ఇంకో బడి ఉంది, ఫీజు లేదు. ఆరోగ్యశ్రీ డెస్క్. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో పథకం మొదలైనప్పటి నుంచి నెట్‌వర్క్ హాస్పిటళ్లలో పేషెంట్లకి సాయం చేసే ఆరోగ్యమిత్రలు కూర్చుంటున్నారు. వాళ్ల పక్కన ఒక వారం నిలబడే అవకాశం అడగండి. రేషన్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉన్న తాత వస్తాడు. కొడుకు ఫోన్ ఎత్తడు. ఆపరేషన్ రేపు. ప్రీఆథ్, అంటే ముందస్తు అనుమతి కోసం కాగితాలు, ఇవాళే పంపాలి. ఆ తాతతో ఎలా మాట్లాడాలి, ఏ కాగితం తెప్పించాలి, డాక్టర్ దగ్గరికి ఏ టైమ్‌లో వెళ్లాలి? అదీ అడ్మినిస్ట్రేషన్ అంటే. కానీ ఆ పోస్టింగ్ ఎవరూ అడగరు. ఏసీ ఉండదుగా!

అమెరికాలో ఎంహెచ్‌ఏ చేస్తున్న మన పిల్లలకి కూడా ఒక ముక్క. అక్కడ మంచి హాస్పిటళ్లలో అడ్మినిస్ట్రేటివ్ ఫెలోషిప్ అని ఏడాది, రెండేళ్లు పెద్దవాళ్ల పక్కనే ఉంచి నేర్పిస్తారు. దానికి అప్లికేషన్లు చదువు పూర్తవకముందే పెట్టాలి. చదువయ్యాక చూద్దామనుకుంటే బస్సు వెళ్లిపోయినట్టే. మీ వీసా లెక్కలు మీ కాలేజీ ఆఫీసులో అడగండి, ఆ గొడవలోకి నన్ను లాగొద్దు, నాకు వచ్చింది ట్రే లెక్క ఒక్కటే.

ఆ లెక్చరర్ గారూ, మీరు ఈ వీడియో కూడా చూస్తారని తెలుసు. ఒక్క పందెం. ఈసారి మీ బ్యాచ్‌లో ఐదుగురిని నైట్ డ్యూటీకి పంపండి. ఎక్సెల్ వద్దు, పై చార్ట్ వద్దు. ఒక్కొక్కరు పది మంది పేషెంట్లని పొద్దున రౌండ్స్ నుంచి గేట్ పాస్ దాకా చేయి పట్టుకుని తీసుకెళ్లాలి. వైవాలో ఒకే ప్రశ్న అడగండి, ఫైల్ ఎక్కడ ఆగింది, ఎవరు ఆపారు అని. వాళ్లు తడబడితే నేను ఈ ఛానల్లోనే మీకు క్షమాపణ చెబుతాను.

నా మాట విని నైట్ పోస్టింగ్ అడిగి తీసుకున్న కుర్రాడు ఒకడున్నాడు. మొన్న రాత్రి రెండు నలభైకి మెసేజ్ పెట్టాడు: 'అన్నా, మార్చురీ తాళం ఎవరి దగ్గరుంటుంది? ఇక్కడ ఎవరికీ తెలీదంటున్నారు, బాడీ కోసం వచ్చిన వాళ్లు బయట ఆటోలో కూర్చున్నారు.' సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని లేపు, ఆయన దగ్గర లేకపోతే నైట్ నర్సింగ్ సూపర్‌వైజర్ టేబుల్ సొరుగు చూడు అని చెప్పాను. పావుగంట తర్వాత 'దొరికింది' అని పెట్టాడు. కింద ఇంకో లైన్: 'వాళ్లకి టీ ఇప్పించాను.'