గురి వర్క్‌షాపులోనే మొదలవుతుంది
(ఒక పాలిటెక్నిక్‌లో ఇంజనీర్స్ డే సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇందాకే చదివారు. విశ్వేశ్వరయ్య గారి గురించి ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు. నేను నేరుగా విషయంలోకి వస్తాను.

నేను మాట్లాడబోయేది ఒక తుపాకీ గురించి. పాలిటెక్నిక్‌లో తుపాకీ కబుర్లేంటి అనుకోకండి. నా ఉద్యోగమంతా వర్క్‌షాపులోనే గడిచింది. ఒక వస్తువు గురి ఎందుకు తప్పుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మీరంతా బీఎస్‌డబ్ల్యూ (బ్రిటిష్ స్టాండర్డ్ విట్‌వర్త్) థ్రెడ్, అంటే బోల్టు మీద కోసే మర గాడి, చదువుకున్నారు, 55 డిగ్రీల కోణం. అందులో డబ్ల్యూ అంటే విట్‌వర్త్. జోసెఫ్ విట్‌వర్త్ మాంచెస్టర్‌లో మెషీన్లు తయారుచేసేవాడు. ఏ వర్క్‌షాపుకు ఆ వర్క్‌షాపు తనకు తోచిన థ్రెడ్ కోసుకుంటున్న కాలంలో, 1841లో, దేశమంతటికీ ఒకే థ్రెడ్ ఉండాలన్నాడు. 1854లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని రైఫిళ్లు చేసే మెషీన్లు కావాలని అడిగింది. ఇంకొకరైతే వెంటనే ఆర్డరు తీసుకునేవారు. ఈయన తీసుకోలేదు. బారెల్ ఎలా ఉండాలో ముందు ప్రయోగం చేసి తేల్చాలి, మెషీన్ల సంగతి ఆ తర్వాతే అని పట్టుబట్టాడు.

అప్పటి సైన్యం రైఫిల్ ఎన్‌ఫీల్డ్. మూతిలోంచి తుపాకీ మందు పోసి, గుండు దూర్చి, కడ్డీతో దట్టించాలి. బారెల్ రంధ్రం 0.577 అంగుళం. లోపల గుండును తిప్పే మెలి గాడులు 78 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. ఆ అంకెలు సరైనవో కావో తేల్చడానికి మాంచెస్టర్ దగ్గర ఆయన ఆవరణలో ప్రభుత్వ ఖర్చుతో 500 గజాల పొడవైన షెడ్డు వేశారు. వెడల్పు 16 అడుగులు, ఎత్తు 20 అడుగులు. లోపల గాలి ఆడకూడదు. గుండు వెళ్లే దారి పొడవునా అక్కడక్కడా పలచని టిష్యూ కాగితం తెరలు కట్టారు. గుండు ఒక్కో తెరకూ చిల్లు పెట్టుకుంటూ పోతుంది. ఆ చిల్లులన్నీ వరసగా చూస్తే అది ఎక్కడ కిందికి జారిందో, ఎక్కడ పక్కకు లాగిందో కళ్లకు కడుతుంది. గుండు అడ్డం తిరిగితే చిల్లు గుండ్రంగా కాకుండా పొడుగ్గా పడుతుంది. కాగితమే సాక్షి! మొదటి షెడ్డు తుఫాను గాలికి కూలిపోయింది. మళ్లీ కట్టి, 1855 మార్చిలో ప్రయోగాలు మొదలుపెట్టారు.

తేలిందేమిటి? గుండు బరువు తగ్గించక్కర్లేదు, లావు తగ్గించాలి. 530 గ్రెయిన్ల (సుమారు 34 గ్రాముల) సీసాన్నే సన్నగా పొడుగ్గా పోస్తే దానికి గాలి తక్కువగా అడ్డుపడుతుంది, దూరం వెళ్లినా వేగం నిలుస్తుంది. కానీ పొడుగు గుండుకు ఒక రోగం ఉంది. చాలినంత వేగంగా తిరగకపోతే బొంగరంలా తూలిపోతుంది. అందుకని మెలిని 20 అంగుళాలకు ఒక చుట్టుగా బిగించాడు. అంత బిగువు మెలిలో గుండు జారిపోకుండా బారెల్ రంధ్రాన్ని ఆరు పలకలుగా చేశాడు. రంధ్రం 0.451 అంగుళానికి దిగింది.

ఇప్పుడు చెప్పే అంకెలు వెనక బెంచీల వాళ్లు కూడా రాసుకోండి. 1857 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని హైత్‌లో రెండు రైఫిళ్లనూ పోల్చి చూశారు. 500 గజాల దగ్గర ఎన్‌ఫీల్డ్ సగటు తేడా, అంటే గుండ్లు నడిమి నుంచి సగటున ఎంత దూరంలో పడ్డాయో ఆ కొలత, 2.24 అడుగులు, విట్‌వర్త్‌ది 0.37 అడుగు. 1100 గజాల దగ్గర 8.04కు 2.41. 1400 గజాల దగ్గర ఎన్‌ఫీల్డ్ లెక్కలోకే రాలేదు, విట్‌వర్త్ తేడా 4.62 అడుగులు. మందు బరువు రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే. తేడా అంతా బారెల్ కొలతల్లోనే ఉంది. మన దేశంలో అదే ఎన్‌ఫీల్డ్ తూటాల కొవ్వు గురించి సిపాయిలు రగిలిపోతున్నది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. ఒకే తుపాకీ గురించి అక్కడ గురి లెక్కలు, ఇక్కడ తిరుగుబాటు.

1860లో వింబుల్డన్ తుపాకీ గురిపోటీలను విక్టోరియా రాణి ప్రారంభించింది. స్టాండుకు బిగించిన విట్‌వర్త్ రైఫిల్ ట్రిగ్గర్‌కు కట్టిన తాడు లాగింది, అంతే. 400 గజాల దూరంలో గుండు నడిమధ్యకు అంగుళంపావు దూరంలో తగిలింది. ఆ ఘనత బారెల్ కోసినవాడిది.

సైన్యం మాత్రం దీన్ని తీసుకోలేదు. రంధ్రం మరీ చిన్నదన్నారు, ఖర్చెక్కువన్నారు. తుపాకీ మందు మసి పేరుకుంటే గుండు దట్టించడం కష్టమన్నారు. ఆ చివరి మాట న్యాయమైనదే అని నా అభిప్రాయం. యుద్ధంలో బారెల్ తుడుచుకుంటూ కూర్చునే తీరిక ఎవరికుంటుంది? కానీ గురిపోటీల వాళ్లు ఆ చిన్న రంధ్రాన్ని వదల్లేదు. ఆరు పలకలు పోయాయి, సన్నటి పొడుగు గుండు నిలిచింది.

1874 సెప్టెంబరు 26న న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్‌లో జరిగిన పోటీ గురించి చెప్పకుండా ఉండలేను. ఐర్లండ్ జట్టు చేతిలో మూతిలోంచి మందు దట్టించే రిగ్బీ రైఫిళ్లు. అమెరికా జట్టు చేతిలో వెనక నుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్లు. జట్టుకు ఆరుగురు. దూరాలు 800, 900, 1000 గజాలు. చివరి గుండు మిగిలేసరికి ఐర్లండ్ 931, అమెరికా 930. ఆ గుండు పేల్చాల్సింది అమెరికా జట్టులోని జాన్ బోడిన్. అంతకు ముందే చేతిలో సీసా పగిలి ఆయన చెయ్యి కోసుకుంది. రుమాలు చుట్టుకుని పడుకుని పేల్చాడు. నడిమధ్య తగిలింది, నాలుగు పాయింట్లు. 934.

అందరూ బోడిన్‌నే తలుచుకుంటారు. నేను మిల్నర్‌ని తలుచుకుంటాను. ఈ ఐరిష్ షూటర్ 900 గజాల దగ్గర ఒక గుండు నడిమధ్యకే కొట్టాడు, కానీ పక్కవాళ్ల టార్గెట్ మీద. సున్నా పడింది. ఆ నాలుగూ కలిసుంటే ఐర్లండ్ 935. కొత్త తూటా రైఫిల్ ముందు పాత పద్ధతి తేలిపోయిందని చెప్పేవాళ్లు ఈ మూడు పాయింట్ల తేడా ఎలా వచ్చిందో చూడరు.

ఇక నా గోడు. నేను పనిచేసిన ఒకచోట, పేరు ఎందుకు, పిల్లలు ఫైలింగ్ జాబ్‌ను, అంటే ఫైలుతో (ఆకురాయితో) అరగదీసి చేయాల్సిన ముక్కను, బయట షాపులో చేయించుకుని తెచ్చేవారు. రికార్డులో కొలతలన్నీ డ్రాయింగ్‌లో ఉన్నట్టే 50.00, 50.00, 50.00. చేత్తో ఫైలు పట్టిన ఏ మనిషికీ అలా రావు. ఒక అబ్బాయి తన జాబ్ తనే చేసి, వెర్నియర్ పెట్టి కొలిచి, 49.86 అని ఉన్నదున్నట్టు రాశాడు. బయటి నుంచి ఎగ్జామినర్‌గా వచ్చినాయన వాడికే మార్కులు కోశాడు. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. అమ్మా, బాబూ, మీరు చెప్పండి, ఆ క్లాసులో ఇంజనీరు ఎవరు? విట్‌వర్త్ 1868లో తన డబ్బుతో 30 స్కాలర్‌షిప్పులు పెట్టాడు. చదువుతో పాటు ఫైలు, లేత్ లాంటి చేతిపని కూడా రావాలన్నది ఆయన షరతు.

ప్రిన్సిపాల్ గారూ, ఒక్క కోరిక. శనివారం మధ్యాహ్నాలు ఫిట్టింగ్ షాపు తెరిచి ఉంచండి. నేను వస్తాను, జీతం వద్దు. ఈ రోజుకు మూడు చిన్న ఇనప ప్లేట్లు, ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు డబ్బా తెచ్చాను. రెండు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయంటే రెండూ చదునని కాదు, ఒకటి ఉబ్బి, ఒకటి గుంటపడి ఉండొచ్చు. మూడూ ఒకదానితో ఒకటి కలిస్తేనే మూడూ చదును. విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో శాస్త్రవేత్తల సభలో చదివి వినిపించింది ఇలాంటి చదును పలకల గురించే. పలచగా బ్లూ రాసి రుద్దితే, ఎత్తున్నచోట రంగు అంటుతుంది. అంటినంత మేర స్క్రేపర్‌తో గీకాలి, మళ్లీ రుద్దాలి. టీ తాగి షాపులోకి రండి. మొదటి ప్లేటు ఎవరు గీకుతారో వాళ్లు ఇప్పుడే చెయ్యెత్తండి.