నిమ్మ ఉప్పు పొట్లం

పెద్దలకు, మెడలో కెమెరాలతో వచ్చిన పిల్లలకు నమస్కారం. ఫొటోగ్రఫీ దినోత్సవం కాబట్టి చరిత్ర చెప్పమన్నారు. రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1842లో జాన్ హెర్షెల్ ఇనుప లవణాలతో నీలిరంగు ముద్ర తీశాడు. అదే సయనోటైప్. ఆ ఇనుముకు వెండి తోడైతే గోధుమరంగు వస్తుంది. దాన్ని వాన్‌డైక్ అంటాం. నా కుస్తీ అంతా దీంతోనే.

ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేటు, టార్టారిక్ ఆమ్లం, సిల్వర్ నైట్రేటు డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి కాగితానికి పూస్తాం. ఆరాక నెగటివ్ పెట్టి ఎండలో ఉంచుతాం. ఎండకు ఇనుము మారి, పక్కనున్న వెండి లవణాన్ని లోహం చేస్తుంది. బొమ్మ అదే. తర్వాత కడగాలి. అక్కడే నా గొడవ.

మా నాన్నమ్మ ఫొటో ఇలాగే తీసి ఆవిడకే ఇచ్చాను. తెల్లచీరలో కూర్చున్న ఫొటో. ఆర్నెల్లకి చీర పసుపు తిరిగింది. "ఒరేయ్, ఈ వయసులో నాకు పసుపు చీర కట్టావేంట్రా?" అంది. నవ్వకండి, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే కాగితం కొట్టుకు వెళ్ళి నానా మాటలూ అన్నాను. పాపం, ఆయన తప్పేమీ లేదు. తప్పు మా బోరు నీళ్ళది. ఉప్పదనం, సున్నం ఉన్న నీళ్ళలో మిగిలిపోయిన ఇనుము కరిగిపోకుండా తుప్పులా మారి, కాగితం పోగుల్లో కూర్చుంటుంది. మెల్లగా బొమ్మనూ తినేస్తుంది.

ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. నీళ్ళు కాచే గిన్నెకు పట్టిన తెల్లపొర వదలడానికి నాన్నమ్మ కిరాణా కొట్టు నుంచి నిమ్మ ఉప్పు తెప్పించేది. సిట్రిక్ ఆమ్లమే కదా! ఫొటో మళ్ళీ తీసి, మొదటి కడుగు నీళ్ళలో అర చెంచా వేశాను. పసుపు దిగిపోయింది.

బాబూ, రాసుకునేది తర్వాత, ముందు నా వేళ్ళు చూడు. ఈ నల్లమచ్చలు సిల్వర్ నైట్రేటువి. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి, కళ్ళకు అసలు తగలనివ్వకండి. ఆఁ, కడుగు సంగతికి వద్దాం. మొదట నీళ్ళు పాలలా అవుతాయి. అది పోయేదాకా మారుస్తూనే ఉండండి. ఆ తర్వాతే హైపో, అంటే మిగిలిన వెండి లవణాన్ని తీసేసి బొమ్మను నిలబెట్టే ద్రావణం. అందులో ఎక్కువసేపు నానితే లేతరంగులు కరిగిపోతాయి. ఖరీదైన కాగితం కొంటారు, నీళ్ళ గురించి మాత్రం ఒక్కరూ అడగరు!

నాన్నమ్మకు మళ్ళీ తెల్లచీర ఫొటో ఇచ్చాను. "ఆ పసుపుదే బాగుందిరా" అంది. కాగితం కొట్టాయనకు సారీ చెబుదామని రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ కాగితం కొనుక్కుని వచ్చేశాను.