లైన్‌లో ఉన్నారు, చెప్పండి: ఊరేగింపు లాంతర్లు స్పెషల్

యాంకర్: నమస్తే అందరికీ, సాయంత్రం నాలుగున్నరకే వీధి లైట్లు వెలిగిపోయే సీజన్ వచ్చేసింది. యూకేలో ఉన్న మనవాళ్ళకి పిల్లల స్కూళ్ళ నుంచి లెటర్లు కూడా వచ్చేసుంటాయి, డిసెంబర్ ఊరేగింపుకి లాంతరు చేసుకుని రావాలి అని. వారం నుంచి మాకు ఇవే మెసేజ్‌లు, అందుకే ఈరోజు ఒక అక్కని పట్టుకొచ్చాం, పుట్టింది తెనాలి దగ్గర, ఉండేది ఇంగ్లాండ్ ఉత్తరాన కంబ్రియాలో, పన్నెండేళ్ళుగా అక్కడ లాంతరు వర్క్‌షాపుల్లో వాలంటీర్. అక్కా, ఈ లాంతర్లని విల్లోతో కడతారంట, ముందు ఆ విల్లో ఏంటో చెప్పండి.

అక్క: మన క్రికెట్ బ్యాట్ విల్లో ఉంది కదా, ఆ జాతే. బ్యాట్‌కి మాను కావాలి, మాకు కాడలు కావాలి. ఏటా మొదలు దాకా కోసేస్తే మళ్ళీ సన్నగా నిటారుగా లేస్తాయి, వాటిని ఇక్కడ వితీలు అంటారు, సోమర్‌సెట్ పల్లపు నేలల్లో ఇది పంటే. ఎండబెట్టి కట్టలు కట్టి అమ్ముతారు. నానబెడితే వంగుతుంది, ఆరాక ఎలా వంచితే అలాగే ఉండిపోతుంది, దాని మీద టిష్యూ పేపర్, లోపల దీపం, అంతే.

యాంకర్: వందల ఏళ్ళ నాటి సంప్రదాయం అయ్యుంటుంది.

అక్క: అందరూ అదే అనుకుంటారు! మా దగ్గర అల్వర్‌స్టన్ ఊళ్ళో 1983లో మొదలైంది, అంటే నాకంటే చిన్నది. వెల్ఫేర్ స్టేట్ ఇంటర్నేషనల్ అని 1968లో పెట్టిన నాటక బృందం, ఆ ఊరొచ్చి స్థిరపడ్డారు, వాళ్ళలో జాన్ ఫాక్స్ గారు జపాన్‌లో లాంతర్ల ఊరేగింపు చూసొచ్చి ఇక్కడ పెట్టించారు. ఇప్పుడు ఎన్నో ఊళ్ళు చేస్తున్నాయి. దక్షిణ తీరంలో ఉన్న బ్రైటన్‌లో అయితే 1994లో మొదలైంది, పెట్టుకున్నది డిసెంబర్ 21న, ఏడాదిలో పొద్దు అన్నిటికంటే తక్కువుండే రోజు.

యాంకర్: కాలర్ వచ్చేశారు. హలో, లైన్‌లో ఉన్నారు, చెప్పండి.

కాలర్: నమస్తే అక్కా, ప్రెస్టన్ నుంచి మాట్లాడుతున్న, మాది వరంగల్. మా దోస్తులందరం కలిసి లాంతర్లు చేద్దామని ఆన్‌లైన్‌ల విల్లో కట్ట తెప్పించినం. వంచుడు మొదలువెట్టంగనే పటపట ఇరిగిపోతున్నయ్.

అక్క: ఎంతసేపు నానబెట్టావు నాన్నా?

కాలర్: అరగంట. వేడినీళ్ళల్లనే పెట్టినం.

అక్క: కాడ మీద బెరడు ఉందా, ఒలిచేసి నున్నగా ఉందా?

కాలర్: బెరడు ఉంది అక్కా.

అక్క: అదీ సంగతి. అది బ్రౌన్ విల్లో, బుట్టలల్లేవాళ్ళు తీసుకునేది. బెరడుతోనే ఎండబెట్టింది కాబట్టి నీళ్ళు లోపలికి పోవాలంటే అడుగు పొడవుకి ఒక రోజు లెక్క, ఐదడుగుల కాడకి ఐదు రోజులు వేసుకో. లాంతర్లకి బఫ్ అని అడగాలి, దాన్ని బెరడుతో సహా ఉడకబెట్టి అప్పుడు ఒలుస్తారు, బెరడు రంగు చెక్కలోకి దిగి తేనెరంగులో ఉంటుంది. అది గంటా రెండు గంటలు నానితే చాలు, తీసి తడి తువ్వాల్లో చుట్టి రాత్రంతా వదిలెయ్. పొద్దున్న చివర పట్టుకుని వేలికి చుట్టి చూడు, చుట్టుకుంటే రెడీ. వంచేటప్పుడు కూడా ఒక్కసారి మడవకు, బొటనవేలితో ఒత్తుకుంటూ కొంచెం కొంచెం తిప్పుతూ పోవాలి.

కాలర్: ఇప్పుడు ఇదే నానవెడ్తే ఐతదా మరి? పైసలు పెట్టి కొన్నం గదా.

అక్క: అవుతుంది, టబ్బులో వేసి పైన బరువు పెట్టు, తేలిపోతాయి లేకపోతే. కాకపోతే నీళ్ళు టీ డికాక్షన్‌లా అయిపోయి టబ్బుకి మరక పడుతుంది, ఐదు రోజులు స్నానాలు ఎక్కడ చేస్తారో ముందు రూమ్మేట్స్‌ని అడుగు.

కాలర్: (నవ్వు) తిడ్తరు అక్కా. సరే, థాంక్యూ.

యాంకర్: నెక్స్ట్ కాలర్, రెడింగ్ నుంచి.

కాలర్: హలో అండి, మాకు ఫ్రేమ్ బానే వచ్చింది, పిరమిడ్‌లాగా, అడుగున చదరం, పైకి నాలుగు కాడలు. పేపర్ దగ్గరే ఏడుపొచ్చేస్తుంది, గమ్ రాయగానే ముద్దైపోతుంది, చేతికి అంటుకుని వచ్చేస్తుంది. మూడు ప్యాకెట్లు అయిపోయాయండి.

అక్క: గిఫ్ట్‌లకి చుట్టే టిష్యూనా అమ్మా?

కాలర్: అవునండి, సూపర్‌మార్కెట్‌లో అదే దొరికింది.

అక్క: అది తడిస్తే అంతే. వెట్ స్ట్రెంగ్త్ టిష్యూ అని వేరే ఉంటుంది, తడిసినా చిరగని రకం, క్రాఫ్ట్ సామాన్ల వాళ్ళ దగ్గర పెద్ద షీట్లు దొరుకుతాయి, తెల్లదే తీసుకోండి. ఇంక ఎలా వెయ్యాలో చెప్తాను, ఇక్కడే అందరూ తొందరపడతారు. టేబుల్ మీద చెత్త సంచి ఒకటి కోసి పరవండి. పీవీఏ అనే తెల్ల గమ్‌లో అంతే నీళ్ళు కలపండి, పల్చటి మజ్జిగలా ఉండాలి. బ్రష్ వద్దు, గిన్నెలు తోమే కొత్త స్పాంజ్ తీసుకోండి. షీట్‌ని టేబుల్ మీద పరిచి, మధ్యలోంచి అంచులకి స్పాంజ్‌తో అద్దుకుంటూ పోతే మొత్తం తడిసి కింద సంచి నలుపు కనపడుతుంది, అప్పుడు ఇద్దరు చెరో రెండు మూలలు పట్టుకుని, దుప్పటి ఆరేసేటప్పుడు పట్టుకున్నట్టు, లేపి ఫ్రేమ్ మీద దించండి. అంచుల్ని కాడ చుట్టూ తిప్పి పేపర్‌కి పేపర్ అంటించెయ్యండి, కాడకి గట్టిగా అంటుతుందని నమ్ముకోకండి.

కాలర్: లాగి బిగించాలా అండి? ముడతలు పడుతున్నాయి మరి.

అక్క: అస్సలు లాగొద్దు! వేలాడుతూ ఉన్నా వదిలెయ్యండి. ఆరేటప్పుడు దానంతటదే బిగుసుకుంటుంది, పొద్దున్నే వేలితో కొడితే డప్పులా టప్పుమంటుంది, ఆ శబ్దం కోసమే నేనైతే ఇంకా ఈ పని చేస్తున్నాను. ముందే లాగి బిగించారనుకోండి, ఆరేటప్పుడు ఇంకా లాగి ఫ్రేమ్‌నే వంకర చేస్తుంది. గది వేడి చేసే రేడియేటర్ పక్కన పెట్టినా అంతే. ఇంకోటి, ఒక పక్క మొత్తం మూసెయ్యకండి, దీపం పెట్టడానికి చెయ్యి పట్టేంత తలుపు వదలండి. మా వర్క్‌షాప్‌లో ఏడాదికి ఒకరైనా అన్ని పక్కలా అంటించేసి, అంతా ఆరాక, దీపం ఎటు నుంచి అని అడుగుతారు.

కాలర్: అయ్యో, మేము అలాగే చెయ్యబోయామండి!

యాంకర్: మంచి టైమ్‌లో చేశారు. ఇంకో కాల్... హలో అమ్మా?

కాలర్: హలో, నేను గుంటూరు జిల్లా నుంచి మా అమ్మాయి దగ్గరికి వచ్చానమ్మా, బ్రైటన్ పక్కన. మా ఊళ్ళో క్రిస్మస్‌కి వెదురు బద్దలతో స్టార్లు కట్టేవాళ్ళు, గాలిపటాల కాగితం, మైదా ఉడకేసిన జిగురు. మా మనవడికి అలా చేస్తానంటే మా అమ్మాయి ఒప్పుకోట్లా.

అక్క: అమ్మా, మా వీధిలో కూడా అవే కట్టేవాళ్ళు, బద్దలు కోసి వేళ్ళకి పేళ్ళు గుచ్చుకునేవి! చక్కగా చెయ్యండి. స్టార్‌కి జిగురు బద్దల మీద వరకే కదా, కాగితం పొడిగానే ఉంటుంది, అందుకే గాలిపటం కాగితం ఆగుతుంది. విల్లోకి కాగితం మొత్తం తడుపుతాం. మైదా జిగురు ఒక్కటే ఇక్కడ ఇబ్బంది, ఈ తేమకి ఆరదు, బూజు పడుతుంది.

కాలర్: సరేలే అమ్మా, అయితే ఆ గమ్మే తెప్పిస్తా. ఇంకోటీ, ఇక్కడ ఊరేగింపు అయ్యాక చేసినవన్నీ సముద్రం ఒడ్డున మంటలో వేసేస్తారంటగా, పిల్లాడు ఒకటే ఏడుపు. అంత కష్టపడి చేసి తగలెయ్యడం ఏంటి?

అక్క: తొమ్మిది రోజులు పూజ చేసి మనం వినాయకుణ్ణి నీళ్ళల్లో కలపట్లేదా అమ్మా, పాత ఏడాదిని సాగనంపడం అన్నమాట. వాడికి ఇష్టం లేకపోతే ఇంటికి తెచ్చుకోనివ్వండి. వేసేట్టయితే మాత్రం ముందు లోపలి లైట్లూ తీగలూ తీసెయ్యాలి. ఆ లైట్లలో బిళ్ళ బ్యాటరీలు ఉంటే స్క్రూతో మూసేవి కొనండి, చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదకొస్తుంది.

యాంకర్: అక్కా, మెసేజ్ ఒకటి, ఇవి గాల్లోకి ఎగరేసేవేనా అంటున్నారు.

అక్క: కాదండీ బాబూ, అవి వేరే. అవి పొలాల్లో పడి పశువులకి, గడ్డివాములకి ప్రమాదం, ఇక్కడ చాలా కౌన్సిళ్ళు తమ స్థలాల్లో నిషేధించాయి. మనవి కర్రకి కట్టి పట్టుకునేవి.

యాంకర్: లాస్ట్ కాల్. హలో, చెప్పండి సార్.

కాలర్: నమస్తే అండి, లీడ్స్ నుంచి. మా అబ్బాయికి చేప లాంతరు చేస్తున్నాను, పెద్దదే, తలా తోకా అన్నీ కట్టేశాను మాస్కింగ్ టేప్‌తో. టేప్ ఊడిపోతోందండి.

అక్క: తడి కాడ మీద వేస్తే ఊడుతుంది అన్నా. ముడి వేసే చోట గుడ్డతో తుడిచి, జానెడు ముక్క, ఇంటూ ఆకారంలో రెండు చుట్లు, తర్వాత టేప్ మీద టేప్ పడేలా గట్టిగా లాగి చుట్టండి. లోపల దీపం ఏం పెడుతున్నారు?

కాలర్: ఆ చిన్న ఎల్ఈడీ టీ లైట్ అండి, ఒకటి.

అక్క: అంత చేపలో అది మిణుగురులా ఉంటుంది. బ్యాటరీ లైట్ల తీగ తీసుకుని లోపల వెన్నెముకలా పొడుగ్గా కట్టండి, పసుపు తెలుపు రకం. పేపర్ వెయ్యకముందే కట్టి, గదిలో లైట్లార్పి చూడండి. మోసేది ఎలా?

కాలర్: వెదురు కర్రకి వేలాడదీద్దామని.

అక్క: తల దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి, రెండు తాళ్ళు కట్టండి, ఒక్కటే కడితే గాలికి గిరగిరా తిరిగి వెనకాలవాళ్ళ మొహానికి కొడుతుంది. ఎక్కడ చేస్తున్నారు, గ్యారేజ్‌లోనా?

కాలర్: గ్యారేజ్ లేదండి, పైన బెడ్‌రూమ్‌లో.

అక్క: అన్నా, తలుపు కొలిచారా?

కాలర్: ...తలుపా?

అక్క: నా మొదటి లాంతరు నెమలి. హాల్లో కూర్చుని పింఛం విప్పి మరీ కట్టాను, పేపర్ వేసి ఆరబెట్టాను, ఊరేగింపుకి గంట ముందు గుమ్మంలోంచి పట్టలేదు. పింఛం చెరో పక్కా కోసి, బయట చలిలో మళ్ళీ టేప్ వేసుకున్నాను, ఫోటోల్లో కోడిలా ఉంది.

యాంకర్: (నవ్వు) సార్, కొలిచే టేప్ ఉందా చేతిలో? మేం లైన్‌లోనే ఉంటాం.

కాలర్: ఉండండి ఒక్క నిమిషం... డెబ్బయ్యారు సెంటీమీటర్లు అండి.

అక్క: చేప?

కాలర్: పొట్ట దగ్గర... తొంభై రెండు.

అక్క: ఎత్తు?

కాలర్: అదీ దాదాపు అంతే అండి.

అక్క: పేపర్ ఇంకా వెయ్యలేదుగా? పొట్ట దగ్గర రింగులన్నీ విప్పి, కాడ తడిగా ఉండగానే చిన్నవి చేసి కట్టండి. డెబ్బై దాటనివ్వకండి, పట్టుకోవడానికి మీ వేళ్ళు కూడా పట్టాలి మధ్యలో. మెట్ల మలుపు కూడా కొలవండి.

కాలర్: మెట్లు కూడానా! ఏమే, ఆ టేప్ ఇటు తీసుకురా...

యాంకర్: సార్? సార్ వెళ్ళిపోయారు.