వీలునామా, నామినీ, ఆస్పత్రి పడక: ముందే సరిచూసుకోవాల్సిన కాగితాలు

[తెర మీద: ఐసీయూ తలుపు, పక్కన బ్యాంకు ఫారం]

2021లో కోవిడ్ రెండో వేవ్ నడుస్తున్నప్పుడు చాలా కుటుంబాలకు ఒక సంగతి ఆలస్యంగా తెలిసింది. మనిషి వెంటిలేటర్ మీద ఉంటే ఆయన సంతకం దొరకదు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన తరఫున సంతకాలు పెట్టే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) ఉంది కదా అంటే అదీ ఆదుకోదు. ఇచ్చినవాళ్లు తెలివిగా నిర్ణయం తీసుకునే స్థితి కోల్పోతే మామూలు జీపీఏ ఆగిపోతుంది, చనిపోతే అంతటితో సరి.

అందుకే ఆరోగ్యం బాగున్న రోజునే చేసి పెట్టుకోవాల్సిన పనులు చూద్దాం. వారసత్వం గురించి చెప్పేవి ముఖ్యంగా హిందూ వారసత్వ చట్టం ప్రకారం. ముస్లింలకు, క్రైస్తవులకు తేడా ఉన్నచోట విడిగా చెబుతాం.

[తెర మీద: "నామినీ ≠ వారసుడు"]

ముందు నామినీ. బ్యాంకు డిపాజిట్, షేర్లు నామినీ చేతికి వస్తాయి, అంతమాత్రాన ఆయన సొంతం కావు. వీలునామాలో ఎవరి పేరుంటే వాళ్లకు, అది లేకపోతే వారసులకు చేరాలి. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే తేల్చింది. జీవిత బీమా దారి వేరు. 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లల్లో ఎవరిని నామినీగా పెడితే ఆ డబ్బు వాళ్లదే.

అలాగని నామినీ గడి ఖాళీగా వదిలేయకండి. వదిలేస్తే బ్యాంకు వారసులందరి సంతకాలు, ఇండెమ్నిటీ బాండు (తర్వాత నష్టం వస్తే మేం భరిస్తామన్న హామీ పత్రం) అడుగుతుంది, పెద్ద మొత్తమైతే సక్సెషన్ సర్టిఫికెట్ (వారసులు ఎవరో కోర్టు ఇచ్చే ధ్రువపత్రం) కోసం కోర్టుకు పంపుతుంది. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో రాయవచ్చు. లాకర్‌కు మాత్రం ఒకరి తర్వాత ఒకరుగానే, అంటే మొదటివాళ్లు లేకపోతేనే రెండోవాళ్లకు.

[తెర మీద: కుటుంబ వృక్షం]

వీలునామా లేకపోతే? పురుషుడి సొంత ఆస్తిలో భార్యకు, ఒక్కో కొడుక్కి, ఒక్కో కూతురికి, తల్లికి సమాన వాటాలు. వీళ్లలో ఒక్కరున్నా తండ్రికి ఏమీ రాదు. కొడుకు మీద ఆధారపడిన తండ్రి ఉన్న ఇంట్లో ఇది గట్టి దెబ్బే.

మహిళల విషయంలో చట్టం మరీ విడ్డూరంగా ఉంది. భర్త చనిపోయి, పిల్లలు లేని మహిళ ఉద్యోగం చేసి కొనుక్కున్న ఫ్లాటు ముందు భర్త తరఫు వారసులకు పోతుంది. కన్న తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే. పిల్లల్లేని దంపతులు ఇద్దరూ కోవిడ్‌తో పోయారనుకోండి, ఆమె సంపాదన అత్తింటివాళ్లకే చేరుతుంది. సొంత సంపాదన ఉన్న ప్రతి మహిళా వీలునామా రాయాలని మేం గట్టిగా చెప్పేది అందుకే.

[తెర మీద: తెల్ల కాగితం, మూడు సంతకాలు]

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్ల కాగితం మీద చేత్తో రాసినా, టైపు చేయించినా చెల్లుతుంది. ప్రతి పేజీ మీద సంతకం, చివర తేదీ పెట్టండి. సాక్షులు కనీసం ఇద్దరుండాలి. మీరు సంతకం చేయడం వాళ్లు చూడాలి, లేదా "ఇది నా సంతకమే" అని మీరే వాళ్లతో చెప్పాలి. వాళ్లు మీ ఎదుటే సంతకం చేయాలి. చాలా వీలునామాలు ఇక్కడ చిక్కుల్లో పడతాయి. తర్వాత కోర్టులో సాక్షుల్లో కనీసం ఒకరు వచ్చి చెప్పాలి కాబట్టి మీకంటే చిన్నవాళ్లను, అడ్రసు తెలిసినవాళ్లను ఎంచుకోండి. ఆస్తి పొందేవాళ్లను సాక్షిగా పెట్టకండి. క్రైస్తవుల విషయంలో ఆ సాక్షికి రాసిన వాటాయే చెల్లకుండా పోతుంది, హిందువుల విషయంలో అనుమానానికి తావిస్తుంది.

ముస్లింలైతే, వారసుల అంగీకారం లేకుండా వీలునామాతో ఇవ్వగలిగేది మూడో వంతు వరకే.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మేలు. కదల్లేని మనిషైతే సబ్ రిజిస్ట్రారును ఇంటికి రమ్మని దరఖాస్తు పెట్టుకోవచ్చు, రిజిస్ట్రేషన్ చట్టం 38వ సెక్షన్ అందుకే ఉంది. ఆ రోజే డాక్టరు దగ్గర "స్పృహలో ఉన్నారు, విషయం అర్థమవుతోంది" అని సర్టిఫికెట్ తీసుకోండి. డాక్టరే ఒక సాక్షిగా సంతకం పెడితే ఇంకా బలం.

వీడియో కాల్‌లో సాక్ష్యం? ఇంగ్లండ్‌లో కోవిడ్ కాలంలో కొన్నాళ్లు అనుమతించారు. మన చట్టంలో అలాంటి మార్పు రాలేదు. వీడియో తీసి పెట్టుకోండి, కానీ సాక్షులు మాత్రం ఆ గదిలోనే ఉండాలి.

[తెర మీద: మంగళసూత్రం, ఊయల, కోర్టు కాగితం]

పెళ్లి, విడాకులు, బిడ్డ పుట్టడం. వీటిలో ఏది జరిగినా పాత కాగితాలు తీసి చూడాల్సిందే. పెళ్లికి ముందు పీఎఫ్‌లో పెట్టిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది, ఈపీఎఫ్‌ఓ సైట్లో కొత్తది నింపాలి. క్రైస్తవులకైతే పెళ్లితో పాత వీలునామాయే రద్దవుతుంది, హిందువులకు కాదు. విడాకులతో మాత్రం ఏదీ దానంతట అది మారదు. మాజీ భర్త పేరు బీమా పాలసీలో నామినీగా ఉంటే మీరు మార్చేదాకా ఉంటుంది.

పిల్లలు చిన్నవాళ్లైతే సంరక్షకులు ఎవరో తల్లి, తండ్రి ఇద్దరూ తమ తమ వీలునామాల్లో రాయాలి. తండ్రి రాసింది తల్లి బతికున్నంతకాలం పనిచేయదు. ఆమె కూడా ఎవరినీ నియమించకుండా పోతేనే అది అమల్లోకి వస్తుంది.

[తెర మీద: బ్యాంకు కౌంటర్]

ఆస్పత్రి ఖర్చుకు మాత్రం "ఐదర్ ఆర్ సర్వైవర్" జాయింటు ఖాతా ఒకటి చాలు, ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు. అది లేక, రోగి సంతకం చేయలేకపోతే, ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం వేలిముద్ర గానీ కాలి బొటనవేలి ముద్ర గానీ సరిపోతుంది. ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్లలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి.

బతికే ఆశ లేని స్థితిలో వెంటిలేటర్ కొనసాగించాలా వద్దా అన్నది కూడా ముందే రాసిపెట్టవచ్చు. సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఈ పద్ధతిని సులభం చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడి ఆస్తికి ఒక వీలునామా, ఇక్కడి ఆస్తికి ఒకటి రాసుకోవడం మంచిదే. అయితే రెండోదాంట్లో "ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు" అన్న వాక్యం అలవాటుగా పడిపోతుంది. దాంతో మొదటిదీ పోతుంది. ఏ దేశంలోని ఆస్తికి సంబంధించిన వీలునామా రద్దవుతోందో ఆ వాక్యంలోనే స్పష్టంగా రాయించండి.