మోకాలు, నడుము, కుర్చీ
(గ్రంథాలయ వారోత్సవాల్లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మన గ్రంథపాలకులు ఫోన్ చేసి, "సార్, అమెరికా వెళ్లొచ్చారు కదా, అక్కడి విశేషాలు ఓ అరగంట చెప్పండి" అన్నారు. అమెరికా విశేషాలు మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? ఈ హాల్లో సగం మంది పిల్లలో మేనల్లుళ్లో అక్కడే ఉన్నారు. నయాగరా ముందు దిగిన ఫొటో లేని ఫోను ఇక్కడ దొరకదేమో. అంచేత నేను ఒక్క భవనం గురించి, అందులోనూ నాలుగైదు వస్తువుల గురించి మాట్లాడతాను. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి కదా, అరగంట అన్నది ఎంతవరకు నిలబడుతుందో చూద్దాం.

మా అమ్మాయి వాళ్లు వర్జీనియాలో ఉంటారు. అక్కడ మెట్రో ఎక్కితే వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ అనే స్టేషన్‌లోనే దిగొచ్చు. జేమ్స్ స్మిత్సన్ అని ఓ ఇంగ్లీషాయన ఉండేవాడు. జన్మలో ఒక్కసారి కూడా అమెరికాలో కాలు పెట్టలేదు గానీ ఆస్తంతా ఆ దేశానికి రాసిచ్చిపోయాడు. ఆ డబ్బుతో 1846లో పెట్టిన సంస్థ ఇది. దాని కింద బోలెడు మ్యూజియాలు, టికెట్ లేదు. వాటిలో ఒకటి అమెరికా చరిత్ర మ్యూజియం. వేసవి సెలవుల్లో నేనూ మా మనవరాలూ వెళ్లాం. దానికి ఎనిమిదేళ్లు. గంటసేపు తిరిగేసరికి కాళ్లు నొప్పులన్నది. ఎదురుగా హోటల్ కౌంటరు లాంటిది, ముందు నాలుగు గుండ్రటి స్టూళ్లు, గులాబీ రంగువీ పాచి నీలం రంగువీ. "తాతా, అక్కడ కూర్చుంటా" అంది. "అక్కడ కూర్చోకూడదమ్మా" అన్నాను.

అనేశాక నాకే ఎలాగో అయిపోయింది. ఆ స్టూళ్లు మ్యూజియం దాకా వచ్చింది ఆ మాట వల్లే.

ఉత్తర కరొలైనాలో గ్రీన్స్‌బరో అని ఒక ఊరు. అక్కడ వూల్‌వర్త్ దుకాణం. మన ఫ్యాన్సీ షాపూ స్టేషనరీ కొట్టూ టిఫిన్ హోటలూ ఒకే కప్పు కింద ఉంటే ఎలా ఉంటుందో అలాంటిది, అన్నీ చవక. నల్లవాళ్లు లోపలికి రావచ్చు, టూత్‌పేస్టు కొనొచ్చు, వాళ్ల డబ్బుకు ఏ మైలా లేదు. ఫలహారాల కౌంటరు ముందు కూర్చుని కాఫీ తాగడం మాత్రం కుదరదు. ఏమైనా తినాలంటే వేరేచోట నిలబడి తినాలి. టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లు ఇక్కడ ఉన్నారు, వాళ్లకి ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

1960 ఫిబ్రవరి 1, సోమవారం సాయంత్రం. ఎజెల్ బ్లెయిర్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్‌నీల్, డేవిడ్ రిచ్‌మండ్. నలుగురూ ఆ ఊరి నల్లవాళ్ల కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలు. ముందు దుకాణంలో చిన్నాచితకా సామాను కొన్నారు, రసీదులు జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నారు. అదీ తెలివి. తర్వాత స్టూళ్ల మీద కూర్చుని కాఫీ అడిగారు. ఇచ్చేది లేదన్నారు. అక్కడ మా డబ్బు తీసుకున్నారు, ఇక్కడెందుకు తీసుకోరని అడిగారు. జవాబు లేదు. కొట్టు కట్టేసేదాకా అలాగే కూర్చున్నారు.

ఆ రోజు ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడిన మాటలు మెకెయిన్ జీవితాంతం చెబుతూ ఉండేవాడు. కౌంటరు వెనక పనిచేసే నల్లావిడ వీళ్లను చూసి మండిపడింది. మీలాంటి బుద్ధిలేనివాళ్ల వల్లే మన జాతి బాగుపడటం లేదని తిట్టింది. కాసేపటికి ఒక ముసలి తెల్లావిడ వెనక నుంచి వచ్చి భుజాల మీద చేయి వేసింది. ఈవిడేం అంటుందో అని వీళ్లు బిగుసుకుపోయారు. మిమ్మల్ని చూస్తే గర్వంగా ఉంది, పదేళ్ల క్రితమే ఎందుకు చేయలేదన్నదే నా బాధ అన్నదావిడ. చరిత్రలో ఎవరు ఎటు నిలబడతారో మనం రంగును బట్టి లెక్కగట్టేస్తాం. పనివాళ్ల ఇళ్లలో పుట్టినవాళ్లకు ఆ తిట్టిన ఆవిడ మీద కోపం రాదు. రేపు ఉద్యోగం పోయేది ఆవిడదే కదా.

మర్నాడు ఇరవై మందికి పైగా వచ్చారు. వారం తిరక్కుండానే వందల్లోకి పోయింది. మార్చి నెలాఖరుకు 13 రాష్ట్రాల్లో 55 ఊళ్లకు పాకింది. దుకాణం ఆర్నెల్లు బిగదీసుకుని, నష్టం భరించలేక జులై 25న దిగొచ్చింది. ఆ రోజు ఆ స్టూళ్ల మీద మొట్టమొదట కూర్చుని తిన్న నల్లవాళ్లెవరో తెలుసా? ఆ నలుగురు కుర్రాళ్లు కాదు. ఆ హోటల్ వంటింట్లో పనిచేసే ఆడవాళ్లు. యూనిఫాం విప్పి మామూలు బట్టలు కట్టుకు రమ్మని మేనేజరే పంపాడు. వాళ్లలో జెనీవా టిస్డేల్ అనే ఆవిడ ఎగ్ శాలడ్ శాండ్‌విచ్ తెప్పించుకుంది. అది వంటింట్లో తాను చేసిందే. ఏళ్ల తరబడి తన చేత్తో చేసినదాన్ని కూర్చుని తినడానికి అంత గొడవ కావాల్సొచ్చింది.

1993లో ఆ కొట్టు మూతపడింది. మ్యూజియం మనిషి పరుగెత్తుకెళ్లి అడిగి తెచ్చుకున్నాడు. ఆ ఊరి వడ్రంగుల యూనియన్ వాళ్లు వచ్చి ఎనిమిది అడుగుల కౌంటరు ముక్కనీ నాలుగు స్టూళ్లనీ ఊడదీసి ఇచ్చారు. మిగతాదాంట్లో చాలా భాగం ఆ ఊళ్లో, అదే భవనంలో ఉంది. 2010 నుంచి అదీ మ్యూజియమే.

ఇక్కడ ఒక పిట్టకథ. 1964 మేలో మన రామ్ మనోహర్ లోహియా మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో ఇలాంటి తెల్లవాళ్ల హోటల్లోకి పోబోయాడు. పోలీసులు పట్టుకుపోయారు. తీరా ఎవరో తెలిశాక అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. నాకు కాదు, ఆ స్వేచ్ఛాదేవత విగ్రహానికి చెప్పుకోండన్నాడాయన. నెలన్నర తిరక్కుండానే, జులై 2న పౌరహక్కుల చట్టం వచ్చి, తెల్లవాళ్లకు మాత్రమే అనే బోర్డులు దిగిపోయాయి. ఆ ఊపులోనే 1965 అక్టోబరులో వలసల చట్టం మారింది. అంతకుముందు భారతీయులకు ఏడాదికి వంద మంది కోటా. దేశం మొత్తానికి వంద! మా అల్లుడి వీసా వెనక ఆ నాలుగు స్టూళ్లున్నాయని ఓ రోజు భోజనాల దగ్గర అన్నాను. "మామయ్యగారూ, నా వీసా వెనక ఆరేళ్ల రాత్రి డ్యూటీలున్నాయి" అన్నాడు. రెండూ నిజమే.

ఆ స్టూళ్లు చూశాక మిగతా వస్తువుల్ని నేను ఒకటే చూపుతో చూడటం మొదలుపెట్టాను. ఈ మనిషిని కూర్చోబెట్టారా, నిలబెట్టారా, వంచారా? సంస్కరణ అంటే చట్టాలూ సవరణలూ అని ముప్పై ఏళ్లు బోర్డు మీద రాశాను. అక్కడ చూస్తే మొత్తం గొడవంతా మోకాళ్ల గురించీ నడుం గురించీ.

ఒక చిన్న బిళ్ల ఉంది, మన పాత రూపాయి కాసంత. 1787లో ఇంగ్లండులో పింగాణీ సామాను చేసే జొసయా వెడ్జ్‌వుడ్ చేయించాడు. సంకెళ్లతో ఒక నల్లమనిషి, చేతులు జోడించి. చుట్టూ అక్షరాలు: నేను మనిషిని కానా, తోబుట్టువును కానా అని. మరుసటి ఏడాది కొన్ని ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు పంపాడు. ఆడవాళ్లు జడపిన్నుల్లో, గాజుల్లో పొదిగించుకున్నారు. బానిసత్వం పోవాలనే మనసున్నవాళ్లు చేసిందే, కాదనను. కానీ ఆ మనిషి మోకాళ్ల మీద ఉన్నాడు. స్నేహితులు గీసినా మోకరించే గీశారు. "బాంచెన్ దొరా, కాల్మొక్తా" అన్న మాట తాతల నోట విన్నవాళ్లకు ఆ బొమ్మ వైపు ఎక్కువసేపు చూడటం కష్టం.

ఈ బాధ ఫ్రెడరిక్ డగ్లస్‌కు తెలుసు. తానే బానిసగా పుట్టి తప్పించుకుని వచ్చినవాడు. 1876లో వాషింగ్టన్‌లో లింకన్ విగ్రహం ఆవిష్కరించారు. ఖర్చు విముక్తి పొందిన నల్లవాళ్ల చందాలు, నమూనా తెల్లవాళ్లది. లింకన్ నిలబడి ఉంటాడు, పక్కన నల్లమనిషి మోకాళ్ల మీద. ఆవిష్కరణ సభలో ప్రసంగించింది డగ్లసే. అయిదు రోజులకే పత్రికకు ఉత్తరం రాశాడు: నేను చచ్చేలోపు ఆ మనిషి నాలుగుకాళ్ల జంతువులా కాకుండా రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడ్డ విగ్రహం చూడాలనుంది అని. మోకాళ్ల మీద ఉన్న ఆ విగ్రహం ఇప్పటికీ అక్కడే ఉంది. నేను చూసొచ్చాను.

నిలబడటం కూడా నేరమైన సందర్భం ఒకటుంది. 1917 జనవరి 10 నుంచి ఓటుహక్కు కోసం ఆడవాళ్లు వైట్‌హౌస్ గేటు ముందు బ్యానర్లు పట్టుకుని నిలబడ్డారు. నినాదాల్లేవు, అరుపుల్లేవు, ఊరికే నిలబడటమే. జూన్‌లో అరెస్టులు మొదలయ్యాయి. నేరం ఏమిటయ్యా అంటే ట్రాఫిక్‌కు అడ్డం! అదే ఏడాది నవంబరు 14 రాత్రి, అంటే మన వారోత్సవాలు మొదలయ్యే తేదీనే, వర్జీనియాలో ఆకోక్వాన్ జైల్లో వాళ్లను చితకబాదారు. లూసీ బర్న్స్ చేతులు తలపైకెత్తి ఊచలకు బేడీలు వేశారు. మీరు నిలబడతామన్నారుగా, నిలబడండి అన్నట్టు. నిరాహారదీక్ష చేసిన వాళ్ల నాయకురాలు అలీస్ పాల్‌కు గొట్టంతో బలవంతంగా తిండి ఎక్కించారు. ఆ డిసెంబరులో, జైలుకెళ్లొచ్చిన వాళ్లందరికీ వెండి పిన్ను ఒకటి ఇచ్చారు. జైలు తలుపు ఆకారం, దానికి చిన్న గొలుసు, హృదయం ఆకారంలో తాళం. అలీస్ పాల్ పెట్టుకున్న పిన్ను ఆ మ్యూజియంలో ఉంది. ఓటుహక్కు 1920లో వచ్చింది. అయితే ఇదే ఉద్యమం 1913లో వాషింగ్టన్‌లో ఊరేగింపు తీసినప్పుడు, నల్లజాతి ఆడవాళ్లను వెనక వరసలో నడవమంది. నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ ఆ మాట వినలేదు, ఊరేగింపు మధ్యలో వచ్చి తన రాష్ట్రం వాళ్ల పక్కన కలిసిపోయింది. ఆ పిన్ను ఎంత అందంగా ఉన్నా ఈ సంగతి మరిచిపోకూడదు.

అదే గేటు ముందు 1965లో ఇంకో చిన్న గుంపు నిలబడింది. అందులో ఒకడైన ఫ్రాంక్ కామెనీ ఖగోళ శాస్త్రవేత్త. స్వలింగ సంపర్కుడని 1957లో సర్కారు ఉద్యోగంలోంచి తీసేశారు. అట్టల మీద రాసిన ప్లకార్డులు ఇంటి అటక మీద నలభై ఏళ్లు దాచాడు. 2006లో మ్యూజియం అడిగి తీసుకుంది. మన అటకల మీద ఏమున్నాయో ఓసారి దించి చూసుకుంటే మంచిది.

వంగడం గురించి చెప్పి ముగిస్తాను. నాకు అన్నిటికన్నా దగ్గరైంది అదే. మా ఊళ్లో కలుపు తీతలకు పోయి పొద్దూకి వచ్చిన ఆడవాళ్లు, గడప దాటేటప్పుడు ఓ చేయి నడుం మీద పెట్టుకునే దాటేవాళ్లు. మా అమ్మ కూడా.

మ్యూజియంలో ఓ పొట్టి పార ఉంది. పిడి రెండడుగులు, ఇరవై నాలుగు అంగుళాలు. కాలిఫోర్నియాలో మెక్సికో కూలీలు దాన్ని ఎల్ కోర్టీటో అనేవాళ్లు, పొట్టిది అని. లెట్యూస్ చేలల్లో ఒత్తు మొక్కలు తీయడానికి వాడేవాళ్లు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రెండుగా విరిగి చేయాలి. పొడుగు పిడి పారతో కూడా ఆ పని అవుతుంది. మరి పొట్టిదే ఎందుకు? మొక్క దెబ్బతినదని రైతులు చెప్పేవాళ్లు. అసలు సంగతి కూలీలకు తెలుసు. అందరూ వంగి ఉన్న చేలో ఎవరైనా నడుం ఎత్తితే గట్టు మీదున్న మేస్త్రీకి వెంటనే కనబడతాడు. ఆ పార కలుపుకే కాదు, కాపలాకీ పనికొచ్చేది.

కూలీలు సెబాస్టియన్ కార్మోనా, హెక్టర్ డి లా రోసా, పేదల వకీళ్ల సాయంతో ఫిర్యాదు చేశారు. ప్రమాదకరమైన పనిముట్లు వాడకూడదని రాష్ట్రంలో నిబంధన అప్పటికే ఉంది. కార్మిక భద్రత శాఖ ఏమన్నదో వినండి. పిడి విరిగి ఉంటే, పదును తప్పి ఉంటే అది ప్రమాదకరం. ఈ పార లక్షణంగా ఉంది కదా, ఇందులో లోపమేముంది? వైద్యులు వచ్చి వెన్నుపూసలు అరిగిపోతున్నాయని సాక్ష్యం చెప్పినా అదే పాట. పార బాగానే ఉంది, పాడైంది మనిషి నడుం! 1975 జనవరిలో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు ఆ అర్థాన్ని కొట్టేసింది. వాడే తీరు వల్ల మనిషికి దెబ్బ తగిలితే అది ప్రమాదకరమైన పనిముట్టేనన్నది. ఆ ఏడే నిషేధం వచ్చింది. తర్వాత కొందరు యజమానులు పారే లేకుండా చేతులతో కలుపు తీయించారు. దాన్ని కట్టడి చేయడానికి 2004లో ఇంకో నిబంధన కావాల్సొచ్చింది. మ్యూజియంలో ఉన్న పార, కూలీల నాయకుడు సీజర్ చావెజ్ వాళ్ల నాన్న లిబ్రాడో చావెజ్ వాడింది.

ఇంకొక్కటి, ఒక్కటే. ఎడ్ రాబర్ట్స్ కుర్చీ. పద్నాలుగో ఏట పోలియో వచ్చి మెడ కింద శరీరం చచ్చుబడింది. రాత్రిళ్లు ఐరన్ లంగ్ అనే పెద్ద ఇనప గొట్టంలో పడుకుంటేనే ఊపిరి. 1962లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో చేరాడు. పునరావాస శాఖ ఇతను ఏ ఉద్యోగానికీ పనికిరాడని రాసింది. పదమూడేళ్ల తర్వాత అదే శాఖకు అతనే డైరెక్టరయ్యాడు. ఆయన మోటారు కుర్చీకి కారు సీటు, చీకట్లో తిరగడానికి హెడ్‌లైటు. 1995లో ఆయన పోయాక అది మ్యూజియానికి చేరింది. 1977లో వికలాంగులు తమ హక్కుల కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రభుత్వ భవనం ఆక్రమించి మూడు వారాలకు పైగా కూర్చుంటే, వాళ్లకు వేడి వేడి భోజనం వండి తెచ్చింది బ్లాక్ పాంథర్స్ అనే నల్లవాళ్ల సంస్థ. గ్రీన్స్‌బరోలో కాఫీ ఇవ్వకపోయింది పదిహేడేళ్ల కిందటే. 1990 మార్చిలో వీల్‌చైర్లు కింద వదిలేసి వాషింగ్టన్‌లో క్యాపిటల్, అంటే వాళ్ల పార్లమెంటు భవనం, మెట్ల మీద పాక్కుంటూ ఎక్కారు. అందులో జెనిఫర్ కీలన్ అనే పిల్లకు ఎనిమిదేళ్లు. జులైలో వికలాంగుల హక్కుల చట్టం మీద సంతకమైంది.

మెట్లంటే గుర్తొచ్చింది. నాకు ఆరో తరగతిలో తెలుగు చెప్పిన మాస్టారు ఇవాళ ఈ సభకు వచ్చారు. మన గ్రంథాలయానికి ఏడు మెట్లు. ఆయన చక్రాల కుర్చీ ఎక్కలేదు. ఎత్తుకొస్తామని పిల్లలు ముందుకొస్తే వద్దన్నారు. వేపచెట్టు కింద కూర్చుని లౌడ్‌స్పీకర్లో వింటున్నారు.

ఇక ప్రశ్నలు. బాబూ, మైకు వైరు ఎంత పొడుగుందో చూడు. కిందికి అందుతుందా? అందకపోతే మనమే దిగుదాం. మొదటి ప్రశ్న మాస్టారిది.