కాచకుండా పిండిన రసం: మలేరియా మందు దొరికిన కథ

నమస్తే అండీ. మూలికా వైద్యం అనగానే కొందరు "ఆకులేగా, ఏమవుతుంది" అని ఎంత పడితే అంత తాగేస్తారు, ఇంకొందరు "అదంతా ఉత్త నమ్మకం" అని కొట్టిపారేస్తారు. ఈ రెండు మాటలూ నేను ఒప్పుకోను. ఎందుకో ఒక ఆకు కథతో చెప్తాను.

1960లలో మలేరియాకి వాడే క్లోరోక్విన్ చాలా చోట్ల పనిచేయడం మానేసింది. కొత్త మందు కోసం చైనా 1967లో రహస్యంగా ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. అందులో పనిచేసిన తు యూయూ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం పాత వైద్య గ్రంథాలు తిరగేసి, వందల మూలికలు పరీక్షించి, చింగ్‌హావో అనే మొక్క దగ్గర ఆగారు. అది మన మాచిపత్రి జాతిదే. ఒకసారి బాగా పనిచేసింది, మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. అదే మొక్క, మరి తేడా ఎక్కడ?

[తెర మీద: గుప్పెడు ఆకు, గిన్నెలో చల్లటి నీళ్లు]

ఆమె మళ్లీ పుస్తకాలు తీశారు. సుమారు 1600 ఏళ్ల కిందట గె హాంగ్ అనే వైద్యుడు రాసిందేమిటంటే, గుప్పెడు ఆకు నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసమంతా తాగమని. కాచమని ఎక్కడా లేదు! వేడికి అసలు సరుకే పాడైపోతోందేమో అని ఆమెకు తట్టింది. 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్ అనే ద్రవంతో సారం తీశారు. 1971 అక్టోబర్‌లో ఆ సారం ఎలుకల్లో మలేరియా క్రిముల్ని పూర్తిగా తుడిచిపెట్టింది. మనుషులకి ఇచ్చే ముందు, 1972లో, ఆమె, ఇద్దరు సహచరులు తామే తాగి చూసుకున్నారు. ఆ ధైర్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ సారంలో పనిచేసే అసలు పదార్థమే ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది.

నాకు ఇందులో బాగా నచ్చేది ఏంటంటే, ఆ పాత వైద్యుడు మొక్క పేరుతో ఆగకుండా ఎంత తీసుకోవాలో, ఎలా చేయాలో కూడా రాసిపెట్టాడు. చరక, సుశ్రుత సంహితల్లోనూ, సుమారు 3500 ఏళ్ల నాటి ఈజిప్టు ఎబెర్స్ పత్రంలోనూ మొక్కలతో చేసే మందులు కొల్లలుగా ఉన్నాయి. విల్లో చెట్టు బెరడు దగ్గర మొదలైన వెతుకులాటే 1897 నాటికి ఆస్పిరిన్ దాకా వచ్చింది.

అలాగని పాతవాళ్లు చెప్పిందల్లా నిజమవ్వాలని లేదు. బిళ్ళగన్నేరు ఆకు షుగర్‌కి మంచిదని కొన్ని చోట్ల వాడేవారు. 1950లలో కెనడాలో పరీక్షిస్తే ఎలుకల్లో షుగర్ తగ్గలేదు, తెల్ల రక్తకణాలు మాత్రం పడిపోయాయి. ఆ దారినే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు దొరికింది. అదే మొక్క నుంచి తీసే విన్‌క్రిస్టిన్ ఇవాళ పిల్లల్లో వచ్చే బ్లడ్ క్యాన్సర్‌కి ముఖ్యమైన మందు. కాబట్టి ఆ ఆకు ఇంట్లో నమలకండి, దయచేసి.

వికారానికి అల్లం, మలబద్ధకానికి ఇసబ్‌గోల్ పనిచేస్తాయని పరీక్షల్లోనే తేలింది. కానీ పనిచేసేది ఏదైనా హాని కూడా చేయగలదు. డిప్రెషన్‌కి వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గించేస్తుంది. అరిస్టోలోకియా జాతి మొక్కలు కిడ్నీలనే పాడుచేస్తాయి.

మీరు ఏదైనా మూలిక వాడుతుంటే ఈసారి డాక్టర్ దగ్గరికి ఆ సీసా కూడా పట్టుకెళ్లండి. ఏ మొక్క, ఏ భాగం, రోజుకి ఎంత, ఎన్నాళ్లుగా అన్నది మొహమాటపడకుండా చెప్పండి. ఆపరేషన్ ఉంటే ఇంకా ముందే చెప్పాలి.