కొవ్వు కరగడం వేరు, ఖర్చవడం వేరు

యాంకర్: నమస్కారం. చెమట ధారగా కారితే కొవ్వు కరిగిపోతున్నట్టే అని చాలామంది నమ్మకం. ముందు దాని సంగతి చెప్పండి డాక్టర్ గారూ.

ఫిజియాలజిస్ట్: చెమట పట్టేది ఒళ్లు చల్లబడడానికండీ. కొవ్వు కణంలో జరిగే పని వేరు. మైక్రోస్కోప్‌లో చూస్తే ఆ కణమంతా దాదాపు ఒకే పెద్ద నూనె బొట్టు. కేంద్రకం ఒక పక్కకి నొక్కుకుపోయి ఉంటుంది. బొట్టు చుట్టూ పెరిలిపిన్ అనే ప్రొటీన్ కాపలా కాస్తుంది. వ్యాయామం మొదలుపెడితే అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, ఇన్సులిన్ తగ్గుతుంది. దాంతో కాపలా సడలి, ఎంజైములు లోపలికి చేరి ట్రైగ్లిజరైడ్‌ను, అంటే నిల్వ ఉన్న కొవ్వును, విడగొడతాయి. ఒక్కోదాని నుంచి మూడు ఫ్యాటీ ఆసిడ్లు, ఒక గ్లిజరాల్ వస్తాయి.

ట్రైనర్: అంటే కొవ్వు పోయినట్టేగా?

ఫిజియాలజిస్ట్: అక్కడే పొరబడతాం. అది విడుదలవడం మాత్రమే. రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఆ ఫ్యాటీ ఆసిడ్లను కండరం దాకా మోసుకెళ్లాలి. అక్కడ కార్నిటిన్ అనే పదార్థం సాయంతో, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలోకి వెళ్లి, ఆక్సిజన్‌తో ఖర్చవ్వాలి. వాడుకునేవాళ్లు లేకపోతే చాలావరకు మళ్లీ ట్రైగ్లిజరైడ్‌గా మారి నిల్వలోకే చేరిపోతాయి. టెన్షన్ పడినా అడ్రినలిన్ పెరుగుతుంది, కొవ్వు బయటికి వస్తుంది. కానీ కుర్చీలో కూర్చున్న మనిషి కండరాలకు దానితో పనేముంది?

యాంకర్: మరి ఖర్చయిన కొవ్వు ఎటు పోతుంది?

ఫిజియాలజిస్ట్: ఎక్కువ భాగం ఊపిరిలోనే! 2014లో వచ్చిన ఒక లెక్క ప్రకారం 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా, 1.6 కిలోలు నీరుగా బయటికి పోతాయి.

ట్రైనర్: పొట్ట తగ్గాలని కొందరు వందల క్రంచెస్ చేస్తారు సార్. వద్దంటే నా మీద అలుగుతారు.

ఫిజియాలజిస్ట్: అడ్రినలిన్ రక్తంలో ఒళ్లంతా తిరుగుతుంది. పొట్ట కండరం పక్కనున్న కొవ్వునే ఏరుకుని వాడుకోదు. కండరం గట్టిపడుతుంది, అది మంచిదే.

యాంకర్: ఎంత వేగంగా చెయ్యాలి?

ఫిజియాలజిస్ట్: మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ వేగంలో కొవ్వు వాడకం బాగుంటుంది. మరీ పరుగెత్తితే కండరం గ్లూకోజ్ వైపు మొగ్గుతుంది. అయినా మొత్తం మీద ఎంత శక్తి ఖర్చయింది, ఎంత తిన్నాం అన్నదే బరువు తేలుస్తుంది.

ట్రైనర్: నెల రోజులు క్రమం తప్పకుండా నడిచి, బరువు తగ్గలేదని నా దగ్గర ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఏం చెప్పాలో తోచలేదు.

ఫిజియాలజిస్ట్: అలా క్రమంగా నడిస్తే కొన్ని వారాల్లో కండరాల్లో మైటోకాండ్రియా పెరుగుతాయి. కొవ్వును ఖర్చుపెట్టే శక్తి పెరిగిందన్నమాట. బరువు చూసే మెషీన్ దాన్ని చూపించలేదు.

ట్రైనర్: రేపు పొద్దున్నే ఆవిడకు చెబుతాను సార్.